ఉప్పునీటి క్వెంచింగు

ఉప్పునీటి క్వెంచింగు అనగా ఎర్రగా కాల్చిన ఉక్కును ఉప్పు కరిగించిన నీటిలో ముంచి, అతివేగంగా చల్లార్చి గట్టిపరచే ప్రక్రియ. ఇది ఉక్కుకు చేసే హీట్ ట్రీట్‌మెంటు పద్ధతులలో ఒకటి. ఇందుకు వాడే ద్రావణంలో సాధారణంగా బరువులో 5 నుండి 10 శాతం వరకు సోడియం క్లోరైడ్, అనగా మామూలు వంట ఉప్పు ఉంటుంది. ఉక్కును చల్లార్చటానికి వాడుకలో ఉన్న గాలి, నూనె, మంచినీరు, ఉప్పునీరు అను మాధ్యమాలలో ఉప్పునీరే అన్నిటికంటె త్వరగా వేడిని లాగివేస్తుంది. అందువలన ఇతర లోహాలు అంతగా కలపని కర్బన ఉక్కుతో చేసిన ఆకురాళ్ళు, ఉలులు, పంచ్‌లు, డైలు వంటి పనిముట్లను గట్టిపరచటానికి ఇది అనువైనది. అయితే చల్లార్చే వేగం పెరిగినకొద్దీ పనిముట్టు పగిలే ప్రమాదం కూడ పెరుగుతుంది. రోజుల తరబడి చెక్కి, అరగదీసి తయారుచేసిన వస్తువు నీటిలో మునిగిన ఒకటి రెండు సెకన్లలోనే టప్పుమని పగిలిపోవచ్చు.

తెలుగు వాడుకలో పదును అనే మాట అంచు నూరటానికి, ఉక్కును కాల్చి నీట ముంచటానికి రెంటికీ చెల్లుతుంది. ఈ వ్యాసంలో చెప్పబడినది రెండవ అర్థానికి సంబంధించిన విషయం.

ఉక్కు గట్టిపడటానికి కారణం

ఉక్కు ప్రధానంగా ఇనుము, కర్బనాల మిశ్రమం. సాధారణ ఉష్ణోగ్రత వద్ద ఇనుప స్ఫటికంలో కర్బన పరమాణువులకు దాదాపు చోటు లేదు. ఉక్కును 727 డిగ్రీల సెంటీగ్రేడుకు పైగా వేడిచేసినపుడు స్ఫటిక నిర్మాణం మారి ఆస్టెనైట్ అనే రూపం ఏర్పడుతుంది. ఈ రూపంలో కర్బనం సులభంగా కరిగిపోతుంది. వేడి ఉక్కును నెమ్మదిగా చల్లారనిస్తే కరిగిన కర్బనం మరల బయటకు వచ్చి, ఇనుముతో కలసి సన్నని పొరలుగా పేరుకుంటుంది. ఈ పొరల నిర్మాణాన్ని పెర్లైట్ అంటారు. పెర్లైట్ ఉన్న ఉక్కు మెత్తగా ఉంటుంది. దానిని ఆకురాయితో అరగదీయవచ్చు, రంపంతో కోయవచ్చు.

వేడి ఉక్కును చాలా వేగంగా చల్లార్చినపుడు మాత్రం కర్బనానికి బయటకు వచ్చే వ్యవధి దొరకదు. అది స్ఫటికంలోనే చిక్కుకుపోయి, స్ఫటికాన్ని ఒకవైపు సాగదీస్తుంది. ఇలా ఏర్పడే మిక్కిలి గట్టి నిర్మాణానికి మార్టెన్‌సైట్ అని పేరు. జర్మనీకి చెందిన అడాల్ఫ్ మార్టెన్స్ అనే లోహశాస్త్రవేత్త గౌరవార్థం ఫ్రాన్సుకు చెందిన ఫ్లోరిస్ ఆస్మండ్ 1895లో ఈ పేరు పెట్టాడు. కర్బనం 0.8 శాతం ఉన్న ఉక్కు పూర్తిగా మార్టెన్‌సైట్‌గా మారితే దాని కాఠిన్యం రాక్‌వెల్ సి స్కేలుపై సుమారు 65 వరకు ఉంటుంది.

ఎంత వేగంగా చల్లార్చాలి అనే ప్రశ్నకు అమెరికాలో ఎడ్గార్ బెయిన్, డావెన్‌పోర్ట్‌లు 1930లో ప్రచురించిన పరిశోధన స్పష్టమైన సమాధానం ఇచ్చింది. ఆస్టెనైట్ నుండి పెర్లైట్ అన్నిటికంటె త్వరగా ఏర్పడేది సుమారు 550 డిగ్రీల ప్రాంతంలో. సాదా కర్బన ఉక్కులలో ఈ ఉష్ణోగ్రత వద్ద పెర్లైట్ మొదలవటానికి ఒక సెకను కూడ పట్టదు. అంటే 800 డిగ్రీల వేడిలో ఉన్న పనిముట్టు రమారమి ఒక సెకనులోపే 500 డిగ్రీలకు దిగాలి. ఆ గండం దాటిన తరువాత తొందర లేదు. మార్టెన్‌సైట్ ఏర్పడటం 200 డిగ్రీలకు కొంచెం పైన గాని మొదలుకాదు. ఉప్పునీటి ఉపయోగమంతా ఈ మొదటి సెకనులోనే ఉన్నది.

ఆవిరి పొర

బాగా కాగిన దోసె పెనం మీద నీళ్ళు చిలకరిస్తే చుక్కలు వెంటనే ఆవిరి కావు. గుండ్రంగా ముత్యాల వలె పెనం మీద పరుగులు తీస్తాయి. చుక్క అడుగుభాగం ఆవిరిగా మారి, ఆ ఆవిరే చుక్కకు, పెనానికి మధ్య పరుపులాగా అడ్డుపడటం దీనికి కారణం. ఈ విషయాన్ని 1756లో వివరించిన జర్మన్ వైద్యుడు యోహాన్ లైడెన్‌ఫ్రాస్ట్ పేరుతో దీనిని లైడెన్‌ఫ్రాస్ట్ ప్రభావం అంటారు.

ఎర్రగా కాలిన ఉక్కును నీటిలో ముంచినపుడు జరిగేది కూడ ఇదే. ఉక్కు చుట్టూ నీటి ఆవిరి ఒక తొడుగు వలె ఏర్పడుతుంది. ఆవిరి వేడిని సరిగా ప్రసరింపనీయదు కనుక, నీటి అడుగున ఉండి కూడ ఉక్కు కొంతసేపు ఎర్రగానే కనబడవచ్చు. ఇది మొదటి దశ. ఉపరితలం కొంత చల్లబడిన పిదప ఆవిరి తొడుగు చినిగి, నీరు లోహాన్ని నేరుగా తాకి భగ్గున మరుగుతుంది. ఈ రెండవ దశలోనే అన్నిటికంటె ఎక్కువ వేడి బయటకు పోతుంది. ఉపరితలం నీటి మరుగు స్థానానికి దిగిన తరువాత మరగటం ఆగిపోయి, నీటి కదలిక వలన మాత్రమే వేడి తగ్గుతుంది. ఇది మూడవ దశ, నెమ్మదైనది.

మంచినీటితో వచ్చే చిక్కు మొదటి దశలో ఉన్నది. పెర్లైట్ ఏర్పడే ఆ ఒక్క సెకను ఆవిరి తొడుగులోనే గడచిపోవచ్చు. పైగా తొడుగు అంతటా ఒకేసారి చినగదు. మూలల వద్ద ముందు, గుంటలలోను పళ్ళ సందులలోను ఆలస్యంగా చినుగుతుంది. ఆలస్యమైన చోట ఉక్కు గట్టిపడక మెత్తని మచ్చలు మిగిలిపోతాయి. పైకి చూస్తే ఇవి కనబడవు. పనిముట్టును వాడటం మొదలుపెట్టిన తరువాత అక్కడే ముందు అరిగిపోతుంది.

ఉప్పు చేసే పని

ఉప్పు కలిపితే నీరు చల్లనవుతుంది కాబట్టి ఉక్కు త్వరగా చల్లారుతుందని కొందరు అనుకుంటారు. ఇది సరికాదు. గది ఉష్ణోగ్రత వద్ద ఉన్న ఉప్పునీరు, అదే ఉష్ణోగ్రత వద్ద ఉన్న మంచినీటి కంటె చల్లనిది కాదు. పది శాతం ద్రావణపు మరుగు స్థానం మంచినీటి కంటె సుమారు 2 డిగ్రీలు మాత్రమే ఎక్కువ. వేడిని ఇముడ్చుకునే శక్తి విషయంలో ఉప్పునీరు మంచినీటి కంటె కొంచెం తీసికట్టు కూడ. ఉప్పు వలన ఉక్కులోని కర్బనం పెరుగుతుందనే మాటకు కూడ ఆధారం లేదు.

అసలు సంగతి ఆవిరి పొర దగ్గర ఉన్నది. ఉప్పునీరు వేడి ఉక్కును తాకగానే నీరు ఆవిరై, అందులోని ఉప్పు సన్నని స్ఫటికాలుగా ఉక్కు ఉపరితలం మీద పేరుకుంటుంది. ఈ స్ఫటికాలు ఆ వేడికి చిట్లిపోతాయి. దిష్టి తీసిన కళ్ళుప్పును నిప్పులలో వేసినపుడు చిటపటలాడటం ఎరిగినవారికి ఇది ఊహించుకోవటం కష్టం కాదు. ఉక్కు మీద అవే చిటపటలు అతిసూక్ష్మంగా, ఉపరితలమంతటా ఒక్కమారుగా జరుగుతాయి. ఆ చిట్లటం వలన ఆవిరి పొర నిలదొక్కుకోలేక ముక్కలై, మొదటి దశ దాదాపు లేకుండానే రెండవ దశ మొదలవుతుంది. అంతేగాక ఉక్కు మీద ఏర్పడిన ఆక్సైడు పొరను కూడ ఈ చిట్లటం కొంతవరకు రాల్చివేస్తుంది. అందుచేత ఉప్పునీటిలో చల్లార్చిన వస్తువు బూడిదరంగులో శుభ్రంగా బయటకు వస్తుంది.

కాస్టిక్ సోడా కూడ ఇదే పని చేస్తుంది. 3 నుండి 5 శాతం కాస్టిక్ సోడా ద్రావణం వేగంలో ఉప్పునీటికి తీసిపోదు, తుప్పు కూడ పట్టించదు. కాని చర్మానికి, కళ్ళకు అది మిక్కిలి హానికరం కనుక చిన్న పనిశాలలలో దానిని వాడకపోవటమే మేలు.

వివిధ మాధ్యమాల వేగాన్ని పోల్చటానికి అమెరికన్ లోహశాస్త్రవేత్త మార్కస్ గ్రాస్‌మన్ రూపొందించిన కొలమానాన్ని హెచ్-విలువ అంటారు. ఇందులో నిశ్చలమైన మంచినీటి విలువ సుమారు 1. నిశ్చలమైన నూనెకు 0.25 నుండి 0.30, నిశ్చలమైన ఉప్పునీటికి 2. మాధ్యమాన్ని తీవ్రంగా కదిలించినపుడు మంచినీటి విలువ 4 వరకు, ఉప్పునీటి విలువ 5 వరకు పెరుగుతుంది. ఈ అంకెలలో గమనించదగిన విషయం ఒకటి ఉన్నది. బాగా కదిలించిన మంచినీరు, కదలని ఉప్పునీటి కంటె వేగవంతమైనది. ఉప్పు వేశాము కదా అని పనిముట్టును తొట్టిలో ఊరక వదలివేయరాదు. అయితే ఎంత కదిలించినా నీటి ప్రవాహం చేరని సన్నని సందులు కొన్ని ఉంటాయి. ఉప్పు అక్కడ కూడ పని చేస్తుంది.

ఉప్పునీటికి మరొక సుగుణం ఉన్నది. మంచినీరు కొద్దిగా వేడెక్కినా, అంటే 40 డిగ్రీలు దాటినా, ఆవిరి పొర బలపడి చల్లార్చే శక్తి బాగా పడిపోతుంది. ఉప్పునీటిలో ఈ పతనం అంత త్వరగా రాదు. వరుసగా అనేక వస్తువులను ముంచవలసిన పనిశాలలో ఇది గొప్ప సౌకర్యం.

చరిత్ర

కర్బనం గురించి గాని, ఆవిరి పొర గురించి గాని తెలియక ముందే లోహకారులు లవణ ద్రావణాల గుణాన్ని గుర్తించారు. క్రీ.శ. 6వ శతాబ్దానికి చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో ఖడ్గ లక్షణాలు చెబుతూ, ఆయుధాలకు పట్టే పానాలను పేర్కొన్నాడు. అరటి చెట్టును కాల్చగా వచ్చిన క్షారాన్ని మజ్జిగలో కలిపి ఒక దినం నిలువ ఉంచి, దానితో పానం పెట్టిన ఆయుధం రాతి మీద కొట్టినా విరగదని, ఇతర లోహాల మీద మొక్కవోదని అందులో ఉన్నది. అరటి బూడిదలో ప్రధానంగా ఉండేవి పొటాషియం లవణాలు. కనుక దీనిని ఒక లవణ ద్రావణంగానే భావించవచ్చు. అదే భాగంలో చెప్పిన పాలు, నెయ్యి, రక్తం వంటి వాటన్నిటికీ ఇలాంటి సమర్థన దొరకదు.

ఐరోపాలో 12వ శతాబ్దపు తొలినాళ్ళలో థియోఫిలస్ అనే పేరుతో ఒక క్రైస్తవ సన్యాసి వ్రాసిన లాటిన్ గ్రంథంలో పనిముట్లను గట్టిపరచే పద్ధతులు ఉన్నాయి. మేకపోతును కొన్ని దినాలు పస్తు ఉంచి, పిదప ఫెర్న్ ఆకు మాత్రమే మేపి, దాని మూత్రం పట్టి అందులో ఇనుప పనిముట్లను ముంచితే మంచినీటిలో కంటె గట్టిపడతాయని ఆయన వ్రాశాడు. ఎర్రజుట్టు గల చిన్నపిల్లవాని మూత్రమైనా సరేనట. మేకకు ఆకు, పిల్లవానికి ఎర్రజుట్టు అవసరం లేకపోయినా, ఫలితం విషయంలో థియోఫిలస్ మాట కొట్టివేయదగినది కాదు. మూత్రం కూడ ఒక పలుచని ఉప్పునీరే.

ఆకురాళ్ళు

ఉప్పునీటి క్వెంచింగుకు అత్యంత చక్కని ఉదాహరణ ఆకురాయి. ఐ.టి.ఐ.లో ఫిట్టరు విద్యార్థి మొట్టమొదట చేతపట్టే పనిముట్టు ఇదే. ఇతర ఉక్కును అరగదీయాలి కనుక ఆకురాయి తాను అరగదీసే ఉక్కు కంటె ఎంతో గట్టిగా ఉండాలి. దీని పళ్ళు సన్నవి, దగ్గర దగ్గరగా ఉంటాయి. మంచినీటిలో ముంచితే ఈ పళ్ళ సందులలోనే ఆవిరి చిక్కుకుంటుంది.

చార్లెస్ హోల్ట్‌జాఫెల్ 1840వ దశకంలో లండనులో ప్రచురించిన గ్రంథంలో నాటి ఆకురాళ్ళ తయారీ వివరంగా ఉన్నది. పళ్ళు కొట్టిన ఆకురాయికి బీరు మడ్డి వంటి జిగురు పదార్థం పూసి, కాల్చి పొడిచేసిన ఆవు గిట్టలు, ఉప్పు కలిపిన మిశ్రమంలో దానిని దొర్లించేవారు. ఈ పూత నిప్పుల వేడికి పళ్ళ మొనలు కాలిపోకుండా, వాటిలోని కర్బనం గాలిలో కలసిపోకుండా కాపాడుతుంది. అది మరొక పని కూడ చేస్తుంది. ఉప్పు కరిగే ఉష్ణోగ్రత 801 డిగ్రీలు. ఆకురాయిని గట్టిపరచటానికి కావలసిన వేడి కూడ దాదాపు అంతే. పూతలోని ఉప్పు కరిగి మెరవటం కనబడగానే పనివాడు ఆకురాయిని కొలిమి నుండి తీసి నీటిలో ముంచేవాడు. ఉష్ణోగ్రతను కొలిచే సాధనాలు లేని కాలంలో ఇంత నమ్మకమైన గుర్తు మరొకటి దొరకటం అరుదు.

పూర్తిగా చల్లారక ముందే ఆకురాయిని బయటకు తీసి, వంకర ఉంటే సరిచేసేవారు. గాజువలె పెళుసుగా ఉండవలసిన వస్తువు ఆ కొద్ది క్షణాలు వంగటం వింతగా తోచవచ్చు. మార్టెన్‌సైట్ ఏర్పడటం 200 డిగ్రీల ప్రాంతంలో ఇంకా పూర్తి కాదు. మిగిలిన ఆస్టెనైట్ మెత్తనిది కనుక అంతవరకు ఉక్కు వంగుతుంది.

ద్రావణం తయారీ, ముంచే విధానం

పది శాతం ద్రావణానికి లీటరు నీటికి సుమారు 110 గ్రాముల ఉప్పు కావాలి. కళ్ళుప్పు చాలును, శుద్ధిచేసిన ఉప్పు అవసరం లేదు. 20 డిగ్రీల వద్ద ఈ ద్రావణపు విశిష్ట సాంద్రత 1.07. దీనిని హైడ్రోమీటరుతో పరీక్షించవచ్చు. హైడ్రోమీటరు లేనిచోట తాజా కోడిగుడ్డుతో ఉజ్జాయింపుగా తెలుసుకోవచ్చు. తాజా గుడ్డు సాంద్రత సుమారు 1.08 కనుక అది మంచినీటిలో మునిగిపోతుంది, గాఢత పది శాతాన్ని కొద్దిగా దాటేసరికి తేలటం మొదలుపెడుతుంది. ఇంకా ఎక్కువ ఉప్పు వేయటం వలన అదనపు ప్రయోజనం పెద్దగా లేదు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు మాత్రమే ఉంటాయి కనుక దాని ప్రభావం మంచినీటికి, పది శాతం ద్రావణానికి మధ్యస్థంగా ఉంటుంది.

తొట్టి పరిమాణం కూడ ముఖ్యమే. ఒక కిలో ఉక్కుకు సుమారు 8 లీటర్ల ద్రావణం అనేది పనివారు పాటించే లెక్క. 800 డిగ్రీల నుండి చల్లారే కిలో ఉక్కు రమారమి 500 కిలోజౌళ్ళ వేడిని వదులుతుంది. 8 లీటర్ల ద్రావణం దానితో సుమారు 15 డిగ్రీలు వేడెక్కుతుంది. మొదట గది ఉష్ణోగ్రతలో ఉంటే, ఆ తరువాత కూడ ఉప్పునీరు చక్కగా పని చేసే హద్దులోనే ఉంటుంది. ఐసు వేయవలసిన పని లేదు.

ఉక్కును సమంగా వేడిచేయాలి. సాదా కర్బన ఉక్కులకు తగిన వేడి 760 నుండి 840 డిగ్రీల మధ్య, కర్బన శాతాన్ని బట్టి మారుతుంది. 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంత గుణాన్ని కోల్పోతుంది కనుక, అయస్కాంతానికి అంటుకోవటం మానిన తరువాత మరికొంచెం వేడిచేయటం కొలిమి వద్ద తేలికైన పద్ధతి. మితిమీరి వేడిచేస్తే స్ఫటికాలు పెద్దవై పగుళ్ళకు దారితీస్తుంది. వస్తువును నిలువుగా ముంచి, పైకి క్రిందికి కదపాలి. కత్తి వంటి పలుచని వస్తువును పక్కలకు కదిపితే ఒకవైపు ముందుగా చల్లారి వంకరపోతుంది.

పగుళ్ళు

ఆస్టెనైట్ మార్టెన్‌సైట్‌గా మారేటపుడు ఉక్కు పరిమాణం సుమారు 4 శాతం పెరుగుతుంది. పైభాగం ముందుగా చల్లారి, గట్టిపడి, పెంకులాగా బిగుసుకుంటుంది. లోపలిభాగం ఆలస్యంగా మారుతూ అప్పుడు వ్యాకోచిస్తుంది. పెళుసైన పెంకును లోపలి నుండి నెట్టటం వలన అది చిట్లుతుంది. పగుళ్ళు తరచు మొదలయ్యేవి పదునైన మూలలు, రంధ్రాల అంచులు, సుత్తి దెబ్బల గాట్లు, మందం హఠాత్తుగా మారే చోట్లు. అందువలన క్వెంచింగుకు ముందే మూలలను గుండ్రంగా అరగదీస్తారు, గీతలను నునుపు చేస్తారు, కత్తి అంచును పూర్తిగా పలుచన చేయక కనీసం ఒక మిల్లీమీటరు మందం ఉంచుతారు.

ఉప్పునీరు మంచినీటి కంటె వేగవంతమైనదే అయినా, కొన్ని సందర్భాలలో మంచినీటి కంటె తక్కువ పగుళ్ళు కలిగిస్తుంది. మంచినీటిలో ఆవిరి పొర అక్కడక్కడ చినుగుతూ పక్కపక్క భాగాలనే వేరువేరు వేళలలో చల్లారుస్తుంది. ఉప్పునీటిలో చల్లారటం అంతటా ఒకే తీరుగా సాగుతుంది. హాని చేసేది వేగం ఒక్కటే కాదు, వేగంలోని హెచ్చుతగ్గులు కూడ.

ప్రమాదాన్ని తగ్గించటానికి కొందరు రెండంచెల పద్ధతిని పాటిస్తారు. రెండు మూడు సెకన్లు ఉప్పునీటిలో ఉంచి, పెర్లైట్ గండం దాటగానే వస్తువును నూనెలోకి మారుస్తారు. మార్టెన్‌సైట్ ఏర్పడే దశ అప్పుడు నూనెలో నెమ్మదిగా జరుగుతుంది. ఇందులో చేయి తిరిగిన పనివాని అంచనాయే ఆధారం.

ఏ ఉక్కుకు తగినది

క్రోమియం, మాలిబ్డినం, మాంగనీసు వంటివి కలిపిన మిశ్రమ ఉక్కులలో పెర్లైట్ ఏర్పడటానికి చాలా సెకన్లు, ఒక్కొక్కపుడు నిమిషాలు పడుతుంది. అవి నూనెలోనో, గాలిలోనో గట్టిపడతాయి. వాటిని ఉప్పునీటిలో ముంచటం వలన అదనపు కాఠిన్యం రాదు, పగలటం మాత్రం దాదాపు ఖాయం. అందుచేత పాత సామాను దుకాణంలో కొన్న బేరింగును గాని, ఏదో యంత్రపు కడ్డీని గాని ఏ రకమో తెలియకుండా ఉప్పునీటిలో ముంచరాదు. ఒక చిన్న ముక్కను ముందు నూనెలో గట్టిపరచి, ఆకురాయితో గీసి చూడాలి. ఆకురాయి జారిపోతే నూనె చాలునని, గీత పడితే ఆ ఉక్కుకు నీరు గాని ఉప్పునీరు గాని కావలసి ఉండవచ్చునని అర్థం.

అమెరికా పద్ధతిలో డబ్ల్యూ1 అని పిలిచే సాదా టూల్ ఉక్కు, కర్బనం 0.95 శాతం ఉండే 1095 ఉక్కు ఉప్పునీటికి తగినవి. ఉపరితలానికి కర్బనం పట్టించిన మెత్తని ఉక్కును కూడ ఇలా గట్టిపరుస్తారు. మందం ఎక్కువైన వస్తువులలో ఉప్పునీటి ప్రభావం పైన కొన్ని మిల్లీమీటర్ల లోతు వరకే ఉంటుంది. పైన గట్టిగా, లోపల చీకుగా ఉండే ఈ గుణం డైలు, సుత్తి తలల వంటి దెబ్బలు తినే వస్తువులకు మేలు చేస్తుంది.

తరువాతి పనులు, జాగ్రత్తలు

ఉప్పునీటిలో నుండి తీసిన వస్తువు నేల మీద జారిపడినా విరిగేంత పెళుసుగా ఉంటుంది. పగుళ్ళు కొన్ని గంటల తరువాత కూడ రావచ్చు కనుక చేతికి వెచ్చగా తగులుతుండగానే టెంపరింగు చేయాలి. అనగా 150 నుండి 250 డిగ్రీల మధ్య తిరిగి వేడిచేసి, కొంత కాఠిన్యాన్ని వదులుకుని పెళుసుతనాన్ని పోగొట్టాలి.

ఉక్కు మీద మిగిలిన ఉప్పు కొద్ది గంటలలోనే తుప్పు పట్టిస్తుంది. టెంపరింగుకు ముందు వేడినీటితో కడిగి ఆరబెట్టాలి, ఆ తరువాత నూనె పూయాలి. కడగకుండా బీరువాలో పెట్టిన ఒక్క ఉలి పక్కనున్న పనిముట్లకు కూడ తుప్పు తెస్తుంది. తొట్టి ఇనుపదైతే అది కూడ తుప్పు పట్టి కారుతుంది. ముంచే సమయంలో వేడినీరు చిమ్ముతుంది కనుక కళ్ళద్దాలు, పొడుగు పట్టుకారు తప్పనిసరి.

ఉప్పునీటి క్వెంచింగును ఉప్పు స్నానంతో పొరబడరాదు. ఉప్పు స్నానంలో నీరు ఉండదు. సోడియం, పొటాషియం లవణాలను వందల డిగ్రీల వేడి వద్ద కరిగించి, ఆ ద్రవంలో ఉక్కును ఉంచుతారు. కరిగిన లవణంలో కొద్దిపాటి నీరు పడినా అది ఒక్కసారిగా ఆవిరై, కాగుతున్న ద్రవాన్ని పేలుడు వలె చుట్టూ వెదజల్లుతుంది. ఉప్పునీటి తొట్టిలో వాడిన తడి పట్టుకారును అక్కడికి తీసుకువెళ్ళటం ప్రాణాపాయం.